దండ వేయని ఫోటో

మా పిన్ని పోయిందన్న కబురు శబరి ఒడ్డున ఉన్న మా ఊరు కోంటా బజారుకు చేరినప్పుడు చాలామంది అడిగిన మొదటి మాట, "ఏ సీరియల్లో?" అని. మామయ్య దుకాణం షట్టరు దించుతుంటే ఎదురుగా చెప్పుల కొట్టాయన వచ్చి అదే అడిగాడట. మామయ్య షట్టరు నేల దాకా లాగి తాళం వేశాడు. అప్పటికిగానీ చెప్పుల కొట్టాయనకు అర్థం కాలేదు.

నాకు ఆ కబురు జగదల్‌పూర్‌లో, నేను చరిత్ర చెప్పే కాలేజీ వరండాలో అందింది. ఫోన్లో అమ్మ ఏడవలేదు. "చెల్లి లేదే" అని ఆగిపోయింది. పిన్ని హైదరాబాదులో తన అద్దె ఇంట్లో షూటింగ్‌కి తయారై, బండి కోసం కుర్చీలో కూర్చుని, కూర్చున్నట్టే ఒరిగిపోయింది. గుండె ఆగిందన్నారు.

మధ్యాహ్నానికల్లా అందరి ఫోన్లలో ఆమె బొమ్మ తిరగడం మొదలైంది. ఇంత బొట్టు పెట్టుకుని, ఒక కనుబొమ పైకెత్తి, కోడల్ని కొరకొరా చూస్తున్న అత్తగారు. కింద చేతులు జోడించిన గుర్తులు. ఆ మొహం కింద ఆత్మశాంతి కోరడం నాకు చేతకాలేదు. అది పిన్ని కాదు అనుకున్నాను. మరి పిన్ని ఎలా ఉంటుంది అని కళ్లు మూసుకుంటే మళ్లీ ఆ కనుబొమే కనిపించింది. ఇది రాస్తున్నప్పుడు కూడా, గుర్తు చేసుకుంటున్నది మనిషినా వేషాన్నా అని నాకు అనుమానంగానే ఉంది.

ఉప్పు, చింతపండు, నూనె అమ్మే దుకాణం మాది. అంటే మా అమ్మమ్మ వాళ్లది. ఆ ఇంటి చిన్న కూతురు పెళ్లయి హైదరాబాదు వెళ్లి, పక్క వాటాలో ఉండే ఆవిడ వెంట ఒకరోజు షూటింగ్ చూడ్డానికి పోయింది. మనిషి తక్కువైతే టిఫిన్ క్యారియర్ చేతికిచ్చి నడవమన్నారట. నడిచింది. బాబాయి పోయాక ఆ నడకే బతుకుతెరువైంది. పిల్లల్లేరు.

పేరు తెచ్చింది మాత్రం అత్త వేషమే. మధ్యాహ్నం సీరియల్. మామయ్య దుకాణంలో బీరువా మీద టీవీ ఉండేది. భోజనాల వేళ బేరం పల్చబడ్డాక అందరూ దాని కిందే. తెరమీద పిన్ని నోరు తెరిస్తే వేరే ఎవరి గొంతో వచ్చేది. మా కోంటా యాస సీరియల్ తీసేవాళ్లకు పనికిరాలేదు, అందుకని ఇంకొకావిడ చేత చెప్పించేవాళ్లు. అమ్మమ్మకు అది మింగుడుపడేది కాదు. "మొకం నా పిల్లది, గొంతు ఎవరిదో ఏందో" అనేది. పిన్ని ఊరికొచ్చి పక్కన ఉంటే, ఆ పరాయి గొంతు వినబడకుండా సౌండు తీసేసి చూసేది.

ఒక సంత రోజు నాకు బాగా గుర్తు. పిన్ని వచ్చి గల్లా దగ్గర కూర్చుంది. భేజ్జి వైపు పల్లె నుంచి మాకు పాత ఖాతాదారు, ఒక దోర్ల తెగ ఆవిడ ఉప్పు కోసం వచ్చింది. పిన్ని ప్యాకెట్టు అందించబోతే ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నీ చేతిది నాకొద్దు. కడుపుతోటున్న పిల్లని వానల గెంటేసినవు. నాకు ఉప్పిస్తవా?"

మామయ్య నచ్చజెప్పబోయాడు. ఆవిడ వినలేదు. చివరికి నా చేత ఇప్పించారు. పిన్ని లోపలికి వెళ్లి బియ్యం బస్తాల మీద కూర్చుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "నేను పాసైనక్కా" అని అమ్మతో అంది. అని, అలాగే కాసేపు కదలకుండా ఉండిపోయింది. అది ఆమె అలవాటు. మాట అయిపోయినా మొహం అలాగే నిలబెట్టేది, కెమెరా ఇంకా చూస్తున్నట్టు. "కట్ చెప్పిండ్రా?" అని అమ్మమ్మ అడిగితే అప్పుడు కదిలేది.

తర్వాత ఆమెకు మంచి తల్లి వేషం చేయాలనిపించింది. అడిగి అడిగి సంపాదించింది. బట్టలు కుట్టి కొడుకుని చదివించే తల్లి. అందులో పిన్ని ఎంత ఒద్దికగా చేసిందో నేను చూశాను. కానీ ఆమె పాయసం గిన్నె పట్టుకుంటే చాలు, దుకాణంలో జనం ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవాళ్లు. "చూడు చూడు, ఏదో కలుపుతాంది" అని. అన్ని ఊళ్లలోనూ అలాగే అనుకున్నారేమో, ఒకరోజు తెరమీద ఒక అక్షరాల పట్టీ వచ్చింది, నేటి నుంచి ఈ పాత్రలో అంటూ. కుట్టుమిషను ముందు ఇంకొకావిడ కూర్చుని ఉంది.

ఆ సాయంత్రం పిన్నే ఫోన్ చేసి, కొత్తావిడ బాగా చేస్తుంది, చూడండి అని అందరికీ చెప్పింది. నాతో మాత్రం ఒక మాట అంది. "చెడ్డదానిలెక్క చేసుడు తేలికే. జనమే సాయం చేస్తరు. మంచిదానికి ఎవరూ సాయం రారే, ఒక్కదాన్నే చెయ్యాలె." నవ్వుతూనే అంది. ఆ గొంతు నాకిప్పటికీ చెవిలో ఉంది.

ఇక దండ సంగతి.

ఆ తర్వాతి సీరియల్లో ఆమె వేషం ప్రమాదంలో చనిపోతుంది. గోడకు ఫోటో కావాలి. ఇంట్లో దిగినదైతే సహజంగా ఉంటుందని అక్కడివాళ్లు అడిగితే, పిన్ని తన దగ్గరున్నది ఇచ్చింది. మా అమ్మ పెళ్లిలో దిగిన ఫోటో అది. వెనక మా దుకాణం తలుపు. ఒంటి మీద అమ్మమ్మ వంగపండు రంగు చీర. ఇచ్చిన ముచ్చట మాకు చెప్పడం మరిచిపోయింది.

అప్పుడు కోంటాలో గాలివాన. కరెంటు పోయి ఎప్పటికో వచ్చింది. అమ్మమ్మ టీవీ పెట్టేసరికి ఆ ఫోటో, దానికి దండ, ముందు దీపం, చుట్టూ ఏడుపులు. అది సీరియలని అమ్మమ్మకు తెలియక కాదు. ఎన్నో ఏళ్లుగా చూస్తున్నది. కానీ ఆ చీర తనది, ఆ తలుపు తనది. వేషంలో లేని కూతురికి దండ పడింది. అమ్మమ్మ గుండెలు బాదుకుంటూ వీధిలోకి వచ్చింది. జనం పోగయ్యారు. మామయ్య పిన్నికి ఫోన్ కలిపాడు. సెట్లో అన్నం తింటున్న పిన్ని ఎంగిలి చేత్తోనే ఎత్తింది. "అమ్మా, ఉన్నా. ఉన్నానే అమ్మా" అంటూనే ఉందట. ఏళ్ల తరబడి తెరమీద వేరే గొంతు విన్న మనిషి కదా. ఈ గొంతు వినే అమ్మమ్మ నమ్మింది.

మర్నాడు పిన్ని భద్రాచలం మీదుగా వచ్చి దిగింది. దండ తీసేసిన ఆ ఫ్రేము చంకలో ఉంది. దాన్ని అమ్మమ్మ ఒళ్లో పెట్టి, కింద కూర్చుని అంది, "నువ్వుండంగ నా ఫోటోకి దండ పడదు."

ఆ రోజు నుంచి సీరియల్ అయిపోగానే అమ్మమ్మకు ఫోన్. "అమ్మా, ఉన్నా" అనే మొదలు.

దండ పడదన్న ఆ మాట ఆమెకు ఎంత ఖరీదు పడిందో సీరియళ్లు చూసేవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ వయసు ఆడవాళ్ల వేషాలు చావడానికే ఉంటాయి. ఎవరో ఒకరు పోతేగానీ కథ మలుపు తిరగదు. దండకి ఒప్పుకుంటే ఇంకొన్నాళ్లు పాత జ్ఞాపకాల్లో కనబడొచ్చమ్మా అని ఒక మేనేజరు ఆశ కూడా పెట్టాడట. ఆమె ఒప్పుకోలేదు. దాంతో ఆమె వేషాలు కాశీకి వెళ్లిపోయేవి, కోమాలోకి పోయేవి, లేదంటే సగంలో ఇంకొకరి చేతికి పోయేవి. చివరికి హారతి పట్టే పెద్దావిడ, కోర్టులో కూర్చునే జడ్జి, అంతే.

ఇదంతా నాకు నచ్చేది కాదు. నీలో మంచి నటి ఉంది, ప్లాస్టిక్ పూల దండ కోసం దాన్ని చంపుకుంటున్నావు అని వాదించాను. పిన్ని కోప్పడలేదు.

"ప్లాస్టిక్ అని నాకు తెలుసు. అమ్మకీ తెలుసు. తెలిస్తే ఏడుపు ఆగుతదానే?"

ఆమె పెద్ద నటి అయ్యేదో కాదో నాకు నిజంగా తెలియదు.

పిన్నిని భద్రాచలం దారిలోనే కోంటాకు తెచ్చారు. శబరి ఒడ్డున మామయ్య నిప్పు పెట్టాడు. అంతకుముందే ఇంట్లో అమ్మమ్మ కూతురి మొహం తడిమి, పౌడరు తుడిచి, పక్కకు జరిగింది.

పెద్దకర్మ నాడు ఆ పెళ్లి ఫోటోనే దించి పీట మీద పెట్టారు. ఆ ఇంట్లో పిన్నిది వేషం లేని ఫోటో అదొక్కటే. మామయ్య బంతిపూల దండ తెప్పించాడు. దండ ఎత్తబోతుంటే అమ్మ చెయ్యి పట్టుకుంది. "వద్దురా" అంది. చనిపోయిన మనిషికి దండ వెయ్యకపోతే ఎట్లాగక్కా, నలుగురూ ఏమంటారు అని మామయ్య. ఇద్దరూ నావైపు చూశారు, చదువుకున్నదాన్నని. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది.

గోడవారన కూర్చున్న అమ్మమ్మ అప్పుడు అంది.

"నేనుండంగ పడదన్నది. అదైతే మాట తప్పలె. మీరు తప్పియ్యకుండ్రి. నేను పోయినంక ఇద్దరికీ ఒక్కసారే ఎయ్యుండ్రి."

మామయ్య దండను పీట మీద పెట్టలేక, బయట పారెయ్యలేక, తీసుకెళ్లి ఉప్పు బస్తాల మీద పెట్టి వచ్చాడు. అక్కడే నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

జగదల్‌పూర్ తిరిగొచ్చాక, సీరియల్ అయిపోయే వేళకి నా చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయింది. చెయ్యాలా వద్దా అని చాలాసేపు తటపటాయించాను. ఆ వేళ పిన్నిది. అయినా చేశాను. ఒక్క రింగు పూర్తికాకముందే అమ్మమ్మ ఎత్తింది. ఏమీ అనలేదు. నేనూ అనలేకపోయాను. అక్కడ అనాల్సిన మాట నాది కాదు. వెనక టీవీలో ఎవరో గట్టిగా ఏడుస్తున్నారు. తర్వాత ఆ సౌండు కూడా ఆగిపోయింది. అమ్మమ్మే తీసేసినట్టుంది.

"నువ్వా" అంది చాలాసేపటికి. "ఆ దండ వాడిపోయింది. పొద్దున శబరిల ఏయించిన. ఫోటో మంచిగనే ఉన్నది" అంది.