గీత లోపల చెప్పు, గీత బయట మావయ్య

ఇది చదివాక మీరు నన్ను ఏ పనికైనా పిలుస్తారు గానీ అంపైరుగా మాత్రం పిలవరు. ఒక మాట అనాల్సిన చోట నేను అనలేదు. ఇంకో మాట అనకూడని చోట అనేశాను. ఆ రెండు మాటల మధ్య ఒక ఆటా, ఒక పెళ్ళిసంబంధమూ గెలల కింద పడ్డ అరిటాకులా నలిగిపోయాయి. రాయడం నాకిదే మొదలు, ఎక్కడైనా తడబడితే సర్దుకుని చదువుకోండి.

అప్పట్లో నేను రావులపాలెం మార్కెట్‌కి అరటిగెలలు తోలే ఆటో నడిపేవాణ్ణి. ఐదో తరగతిలో బడీ నేనూ విడిపోయాం, ఇద్దరికీ పెద్ద బాధేం లేదు. పి.గన్నవరం అవతల ఊళ్ళో సుగుణ అనే అమ్మాయితో సంబంధం మాట్లాడుతున్నారు. ఫొటో చూసిన దగ్గర్నుంచీ నాకు పచ్చిగెలకీ పండుగెలకీ తేడా తెలియడం మానేసింది. ఆ ఇంట్లో సుగుణ అన్నయ్య ఏలియాగారిది మాట. మా ఇంట్లో మా మేనమామ సత్యం మావయ్యది మాట. ఇద్దరిలో ఎవరికి కోపం వచ్చినా నేను బ్రహ్మచారిగా మిగిలిపోవడమే.

సరిగ్గా అప్పుడే మా చర్చి కుర్రాళ్ళు ఆ ఊరివాళ్ళతో ఆటల పోటీ పెట్టారు. డ్రిల్లు మాస్టారు దానియేలుగారు బేస్‌బాల్ ఆడిద్దామన్నారు.

"క్రికెట్టయితే అందరికీ వచ్చు కదండీ," అన్నాను.

"అందుకే వద్దంటున్నాను. అందరూ తీర్పులు చెప్పేస్తారు. ఇదైతే ఎవరికీ తెలీదు, గొడవుండదు. నువ్వు అంపైరుగా నుంచో."

"నాకూ తెలీదండి."

"మరీ మంచిది. గెలలు దింపించేటప్పుడు అరుస్తావే, అలా అరిస్తే చాలు."

కోతలైన చేలో నాలుగు మూలలా నాలుగు గోనెసంచులు పరిచారు. బ్యాటు పట్టినవాడు ఒక సంచి పక్కన సున్నం గీతల గడిలో నుంచోవాలి. వాడు కొట్టలేకపోతే వెనక కూర్చున్న క్యాచరు బంతి పట్టుకుంటాడు. ఈలోగా మూల మీదున్నవాడు తర్వాతి మూలకి పరిగెడితే, క్యాచరు అక్కడికి బంతి విసిరి వాణ్ణి ఔట్ చేయించాలి. మూలలన్నీ చుట్టొస్తే పరుగు.

మాస్టారు నా తలకి బైకు హెల్మెట్ తగిలించి ఒక్క సంగతి గట్టిగా చెప్పారు. "బ్యాటువాడు గడిలో కుదురుగా నుంచుంటే ఏమీ అనకు. గడి దాటొచ్చి క్యాచరు విసురుకి అడ్డం పడ్డాడా, వెంటనే ఆట ఆపి ఔట్ ఇచ్చెయ్. పరిగెత్తినవాణ్ణి వెనక్కి పంపెయ్. కావాలని చేసేడా, పొరపాటున చేసేడా, అది మనకనవసరం."

"ఆయ్," అన్నాను.

ఆట చివరికొచ్చేసరికి ఇరుపక్కలా పరుగులు సమానం. క్యాచరు ఏలియాగారు. బ్యాటు పట్టింది మా మావయ్య, పెద్దరికం కొద్దీ. మొదటి మూలలో మావాడే, కొబ్బరి దింపు తీసే ప్రసాదు. ఇంతకన్నా చెడ్డ ఏర్పాటు శత్రువు కూడా చేయడు.

బంతి వచ్చింది. మావయ్య దోమని తోలినట్టు బ్యాటు ఊపాడు. తగల్లేదు. ప్రసాదు రెండో మూలకి పరుగు లంకించుకున్నాడు. ఏలియాగారు బంతి పట్టుకుని లేచారు. కాబోయే వియ్యాలవారబ్బాయి లేస్తే మావయ్య ఊరుకుంటాడా అండీ? లుంగీ పైకి పట్టుకుని గడిలోంచి బయటికొచ్చి, "దయచేయండి బాబూ, దారిచ్చేను," అంటూ సరిగ్గా ఆయన ముందు నిలబడ్డాడు.

ఏలియాగారు కుడికి జరిగారు. మావయ్యా అటే జరిగాడు. ఆయన ఎడమకి వస్తే ఈయనా ఎడమకే. కాలవగట్టు మీద ఎదురుపడ్డ రెండు సైకిళ్ళలా ఇద్దరూ ఊగుతున్నారు.

"కొంచెం తప్పుకుంటారా బాబాయిగారూ."

"తప్పుకుంటూనే ఉన్నానండి, మీరు విసరండి."

పెద్దాయన మొహం మీదికి బంతి ఎలా విసురుతారు? ప్రసాదు రెండో మూలకి చేరిపోయాడు. అందరూ నా వైపు తిరిగారు. ఔట్ అంటే మావయ్య అలుగుతాడు. అనకపోతే ఏలియాగారు అలుగుతారు. అందుకని విచారణ మొదలెట్టాను.

"మావయ్యా, అడ్డొచ్చావా?"

"దారిచ్చానురా. కావాలంటే చూడు, నా చెప్పు గీత లోపలే ఉంది."

నిజమే. ఎడమకాలి చెప్పు గడిలో బుద్ధిగా కూర్చునుంది. మనిషి బయటా చెప్పు లోపలా ఉంటే బ్యాటువాడు ఎక్కడున్నట్టు? వంగి దాన్ని చాలాసేపు పరిశీలించాను.

"ఏలియాగారూ, మీకేమన్నా అడ్డమనిపించిందా అండీ?"

"పెద్దాయన్ని పట్టుకుని అలా ఎలా అంటానండీ."

గట్టు మీంచి మాస్టారు కేకేశారు. "మనసులో ఏముందో అడగమన్లేదురా. కాళ్ళెక్కడున్నాయో చూడమన్నాను."

నేనింకా చెప్పు దగ్గరే ఉన్నాను. ఆట ఆపమని నేను అనలేదు కదా, ప్రసాదు మూడో మూలకి కూడా నడిచొచ్చేసి అక్కణ్ణించి మర్యాదగా అడిగాడు. "అంపైరుగారూ, ఇంక రమ్మంటారా అండీ?"

"ఆయ్, రండి," అన్నాను, ఇంటికొచ్చిన చుట్టాన్ని పిలిచినట్టు.

వచ్చేశాడు. పరుగైపోయింది. మావాళ్ళు ఈలలేశారు. ఏలియాగారు బంతి కింద పెట్టి చేతులు దులుపుకున్నారు.

"మీ మావయ్యగారు దారే ఇచ్చేరు. మీరు ఏకంగా గేటు తీసేసేరండి."

మాస్టారు పరుగెత్తుకొచ్చి బ్యాటువాడు ఔట్, పరుగు చెల్లదు, ప్రసాదు వెనక్కి మొదటి మూలకి, అన్నారు. మావయ్య బ్యాటు నా కాళ్ళ దగ్గర పడేశాడు. "నలుగుర్లో నా పరువు తీయడానికా నిన్ను పెంచింది," అని వెళ్ళి నా ఆటో వెనక చెక్క మీద కూర్చున్నాడు. కాసేపటికి ఏలియాగారూ వెళ్ళి ఆ పక్కనే కూర్చున్నారు. ఆట అక్కడితో ఆగిపోయింది. సంబంధం తెగిపోయిందనుకుని హెల్మెట్‌లోనే కళ్ళు తుడుచుకోబోయాను, చెయ్యి లోపలికి పట్టలేదు. క్షమాపణ చెప్పుకుందామని ఆటో దగ్గరికెళ్ళాను.

"దాచడమెందుకు బాబూ, మావాడికి బుర్ర తక్కువ," అంటున్నాడు మావయ్య.

"మొహమాటపడి తక్కువంటున్నారు బాబాయిగారూ. అసలు లేదండి."

"ఎంత బాగా పట్టేసేరండీ మనిషిని. మా ఇంట్లో ఇన్నేళ్ళకీ ఎవరికీ తెలీలేదు."

"చెప్పుని ఎలా చూసేడండీ, బంగారం తూచినట్టు."

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు తట్టుకుని నవ్వారు. నన్ను తిట్టిన కొద్దీ వాళ్ళకి స్నేహం చిక్కబడింది. చీకటి పడేలోగా ముహూర్తం మాటలు కూడా అయిపోయాయి.

"మరి అబ్బాయినో మాట అడగాలి కదండీ," అన్నారు ఏలియాగారు.

"వాడినెందుకండీ మధ్యలో," అన్నాడు మావయ్య. "ఏదడిగినా ఆయ్ అంటాడు."

పెళ్ళయింది, సుగుణ బాగుంది, బావగారూ మావయ్యా ఇప్పటికీ నన్ను తిట్టుకోవడానికి ఆదివారం ఆదివారం కలుస్తారు. పిల్లల మీదా ఆటో మీదా ఒట్టేసి మీ అందరి ముందూ చెబుతున్నాను: ఈ జన్మలో ఇంక క్యాచరు వెనక నుంచోను. ఒకవేళ ఎవరైనా బలవంతంగా నుంచోబెడితే, అడ్డొచ్చింది కన్నతండ్రైనా ముందు ఔట్ అనేసి, మర్యాదలు తర్వాత చేసుకుంటాను.