అప్ప ఏకాదశీ, నా పాత ల్యాప్‌టాపూ

పాడైనదాన్ని పారేయని దేవుడికి ముందుగా దండం. రాయికి పాదం తగిలించి ప్రాణం పోసిన రామయ్యకు, రామతీర్థంలో కూర్చుని మా అందరి మొరలూ విసుగు లేకుండా వినే స్వామికి కోటి దండాలు. మూలన పడ్డదాన్ని లేపి నిలబెట్టే పనిలో ఆయన పెద్ద మేస్త్రీ. నేను చిన్న స్క్రూడ్రైవర్ పట్టుకుని ఆయన వెనక తిరిగేవాణ్ణి.

నాకు పాత ల్యాప్‌టాపుల పిచ్చి. ఆమదాలవలసలో పాతసామాన్ల కొట్టు ఒకటుంది. రైలు దిగితే నా కాళ్లు అటే పోతాయి. విజయనగరంలో మా మంచం కింద అలా పదకొండు చేరాయి. పన్నెండోదాన్ని మంచం మీద పెట్టిన రోజు మా ఆవిడ నడుం మీద చేతులేసుకుని, "ఇది ఇక్కడ తొంగుంటే నానెక్కడ తొంగోవాలి?" అంది.

ఆ పన్నెండోది అలా రెండు వీధుల అవతల ఉన్న మా అప్ప ఇంటికి చేరింది. అప్ప అంటే మా అక్క. కంటి ఆపరేషన్ బాగా జరిగితే వరసగా ఇరవై నాలుగు ఏకాదశులు ఉపవాసం ఉంటానని రాముడికి మొక్కుకుంది. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటినుంచీ. ఆపరేషన్ బాగానే జరిగినా, పంచాంగంలోని సన్నక్షరాలు ఆమెకు ఇప్పటికీ ఆనవు. అందుకని ఆ ల్యాప్‌టాప్ తెరవగానే రాముడి పటం, దాని కింద గుమ్మడిగింజలంత అక్షరాల్లో ఆనాటి తిథి వచ్చేలా చేసిపెట్టాను. రోజూ స్నానం, దీపం అయ్యాక అప్ప దాన్ని తెరిచి, రాముణ్ణి చూసి, తిథి చదివాకే ఏదైనా నోట్లో వేసుకునేది. సాయంత్రం నాకు ఫోన్ చేసి మర్నాటి తిథి చెప్పేది. మా ఇంటి పంచాంగం ఏ పేజీ దగ్గర ఆగిపోయిందో నాకే తెలీదు.

ఆ యంత్రం లోపల గడియారాన్ని నడిపే రూపాయి బిళ్లంత సెల్ ఉంటుంది. అది నీరసించిందని నాకు తెలుసు. రాత్రి ప్లగ్ పీకితే గడియారం నడక తప్పి వెనకబడేది. అప్పుడప్పుడు వెళ్లి తేదీ సరిచేసి వచ్చేవాణ్ణి తప్ప కొత్త సెల్ వేయలేదు. నా దగ్గరున్న యంత్రాల్లో ప్రతి ముక్కా పుట్టుకతో వచ్చినదే ఉండాలని నాకో గొప్ప.

ఇరవై మూడు ఏకాదశులు గడిచాయి. ఒక సాయంత్రం అప్ప ఫోన్.

"ఒరే, రేపు దశమి. ఎల్లుండి ఆకరి ఉపోసం. రేపు కోడలు సేత దిబ్బరొట్టి ఏయిత్తన్నాను. కడుపునిండా తినేత్తాను."

మర్నాడు పొద్దున్న నేను చెయ్యి కడుక్కుంటుంటే మళ్లీ ఫోన్.

"ఒరే తమ్ముడూ, నీ డబ్బా మొకం నల్లగా పెట్టేసినాది. ఇంగిలీసులో ఏటో రాసినాది. రాముడు రాలేదు. రొట్టి సల్లారిపోతంది, బేగి రా!"

సెల్ పూర్తిగా చచ్చిపోయిందన్నమాట. స్కూటర్ తీశాను. వీధి మలుపులో గుడి మెట్ల మీద పూజారిగారు ఆపారు.

"ఏటండీ, ఏకాదశి పూట మీరే ఇంత ఆలస్యమా? భజన మొదలెట్టేస్తున్నారు."

"ఏకాదశి రేపు కదండీ?"

ఆయన నన్ను పైనుంచి కిందదాకా చూశారు. "రేపు ద్వాదశండీ."

యంత్రం ఒక రోజు వెనకబడిందని అప్పుడు వెలిగింది. అప్పకు ఫోన్ చేశాను. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. స్కూటర్ స్టాండు కూడా వేయకుండా లోపలికి పరిగెత్తాను.

అప్ప నల్లటి తెర ముందు చేతులు జోడించి కూర్చుంది. పక్కన కంచంలో రొట్టె, బెల్లం ముక్క. ఫోన్ ఎక్కడో వంటింట్లో మోగుతోంది.

"ముట్టకప్పా!"

"అరవకురా, నాకు పోయింది సెవులు కాదు. రాముణ్ణి సూడకుండా నానెప్పుడైనా తిన్నానేటి?"

కూర్చుని సంగతంతా చెప్పాను. సెల్ మార్చకపోవడం నా తప్పేనని కూడా చెప్పాను. అప్ప రొట్టెను చూసింది, తెరను చూసింది. కంచం పక్కకు జరిపి, కుంకుమ తీసి ఆ నల్లతెరకే బొట్టు పెట్టింది.

"బతికున్నన్నాళ్లూ అబద్దం సెప్పి, సచ్చిపోయి నా మొక్కు నిలబెట్టినాది. సూసావా ఆయన పని!"

గండం గడిచిందనుకున్నాను. అప్ప మాత్రం నావైపు తిరిగింది.

"ఏకాదశి మహిమ భజనలో గంటసేపు సెప్తావు కదా, పొద్దున్న నువ్వేటి తిన్నావురా?"

"రెండిడ్లీలు."

"సట్నీతోనా?"

"సాంబారు కూడా."

ద్వాదశి నాడు అప్ప రామతీర్థంలో మొక్కు చెల్లించుకుంది. ఆమె సంచీ మోసింది నేనే. అప్ప నాకు వేసిన శిక్ష ఇరవై నాలుగు ఏకాదశుల ఉపవాసం, ఒకటినుంచీ. తిరిగొచ్చాక మొదట కొత్త సెల్ వేశాను, తరవాత మా ఇంటి పంచాంగం దుమ్ము దులిపాను.

ఇంతదాకా చదివిన మీరు ఒక్క క్షణం చేతులు జోడించి నాతోపాటు అడగండి. స్వామీ, లోపల ఏది నీరసించిందో మాకు తెలుసు, దాన్ని మార్చుకునే బుద్ధి ఇవ్వు. ఆ బుద్ధి వచ్చేలోపల, మా అప్పను ఆపినట్టు కంచం దగ్గరే మమ్మల్ని ఆపు. అప్పటికే ఇడ్లీలు తినేసినవాడి మీద కూడా కాస్త దయ ఉంచు.