నలభై మూడు వరుసలు

మొన్న మా మనవరాలు వంటింట్లో నా పక్కనే లాప్‌టాప్ పెట్టుకుని కాలేజీ పని చేసుకుంటోంది. తను రాసిన చిన్న ప్రోగ్రామును పేర్ల పట్టిక దాచుకునే డేటాబేస్‌తో కలపాలట. కలిసింది. పేర్లు అడిగితే పేర్లు చూపించింది, ఒక పేరు తీసెయ్యమంటే తీసేసి కింద ఒకటి అంకె వేసింది. "ఒక్క వరుస పోయిందని చెప్తుందమ్మమ్మా. ఎన్ని పోయినయో మనం చూసుకోవాలె" అంది. గరిటె చేతిలో పట్టుకుని నవ్వుతూ నిలబడిపోయాను. ఆ అంకె చూసుకోని పెద్దమనిషి ఒకడు నాకు తెలుసు.

అప్పట్లో నేను పుప్పాలగూడలో ఒక అపార్ట్‌మెంట్‌లో మూడిళ్లకు వంట చేసేదాన్ని. అక్కడి సెక్రటరీ సార్ ఏదో కంపెనీలో మేనేజరు. మెడలో కంపెనీ కార్డు వేసుకునే ఆదివారం కూరగాయల బండి దగ్గరికి వచ్చేవాడు, బీరకాయలు కూడా తనను గుర్తుపట్టాలన్నట్టు. పనివాళ్ల కోసం స్వయంగా ఒక ప్రోగ్రాము రాశాడు. గేటు దగ్గరి యంత్రం మీద వేలు పెడితే తెర మీద మన పేరు రావాలి, వస్తేనే లోపలికి. ఆ మాత్రానికి కొబ్బరికాయ కొట్టి, మా అందరి చేతా చప్పట్లు కొట్టించాడు. వరుసగా మూడు రోజులు వేలు పడకపోతే పేరు తీసేస్తామని కాగితం అంటించాడు. చదవడం రాని మా కోసం, ఇంగ్లీషులో.

అప్పటికి నేను యాభై దాటి, ఖాజాగూడ బడిలో సాయంత్రం పూట అక్షరాలు దిద్దుతుండేదాన్ని. మూడు రోజులు పగటిపూట పరీక్షలు పడ్డాయి. మూడిళ్లలోనూ చెప్పే వెళ్లాను, తెరకు చెప్పలేదు. నాలుగో రోజు పని ముగించి వెళ్తుంటే సార్ ఆఫీసు గదికి పిలిపించాడు. నలుగురికీ వినబడాలని తలుపు తీసే ఉంచాడు.

"ఏమ్మా, పరీక్షలంట గదా నీకు! ఈ వయసులో కలెక్టరైతావా ఏమి?"

"ఇండ్లల్ల చెప్పే పోయిన సార్. గీ మూడిండ్లే నాకు బువ్వ."

"రూలు అందరికీ ఒకటేమ్మా" అంటూ టకటకా ఏదో కొట్టాడు. తెర కింద అంకె వచ్చింది. అంకెలు నాకు అప్పటికే వచ్చు.

"తీసేది నన్నొక్కదాన్నే గద సార్. గా నలభై మూడేంది?"

"అదంతా నీకర్థం కాదులే, పో."

పనివాళ్లం మొత్తం నలభై ముగ్గురం. ఆ సంగతి సగం దారిలో తట్టింది. వెనక్కి వెళ్లి చెప్పలేదు. నాకు అర్థం కాదన్నాడు కదా.

మర్నాడు పొద్దున్నే చూద్దామని గేటు దగ్గరికి వెళ్లాను. ఎవరు వేలు పెట్టినా పేరు రావడం లేదు. వాచ్‌మన్ రోజూ మాతో చాయ్ తాగేవాడే, "ఇందుల మీరెవ్వరు లేరక్కా" అన్నాడు.

"మరి నీ ముందట నిలవడ్డదెవరు, దయ్యమా?"

"నాకెర్కనే గని, దీనికెర్క లేదు గద!"

లోపల బడి బస్సులు వచ్చేశాయి, పిల్లల చేతుల్లో టిఫిన్ డబ్బాలు లేవు. పై అంతస్తుల నుంచి అరుపులు. సార్ పరుగున దిగాడు, మెడలో కార్డు లేకుండా మొదటిసారి. ఆ పేర్లకు నకలు ఉంచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు. "అందరి పేర్లూ మళ్లా ఎక్కియ్యాల. మీలో రాయను వచ్చినోళ్లు ఎవరమ్మా?" అన్నాడు. నలభై రెండు చేతులు నావైపు చూపించాయి.

కాగితం తీసుకుని మొదటి వరుసలో నా పేరు రాశాను, గుండ్రంగా, తీరిగ్గా. ఆయన చూశాడు. ఏదో అనబోయాడు. పైనుంచి వాళ్లావిడ "వంటమనిషిని పంపిస్తావా, నువ్వే వచ్చి వండుతావా?" అని కేక వేసింది. నా పేరే మొదట ఎక్కించాడు. తర్వాత పదకొండింటి దాకా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మా వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని యంత్రం మీద పెట్టించాడు. ఆదివారం మీటింగులో మాత్రం పాత సిస్టమ్ తీసేసి కొత్తది పెట్టానని చెప్పుకుని, దానికీ చప్పట్లు కొట్టించుకున్నాడు.

ఆ తర్వాత కూడా అక్కడ చాలా ఏళ్లు వండాను. నేను అంతకుముందు వచ్చిన రోజులన్నీ ఆయన కంప్యూటర్ పెట్టెలోంచి ఒక్క మీటతో పోయాయి. కాలం మాత్రం నకలు ఉంచుకుంది, మెట్లెక్కినప్పుడల్లా నా మోకాళ్లు వాటిని ఒక్కొక్కటే చదివి వినిపిస్తాయి.