స్పీకర్లో అక్క

“స్పీకరాపేసి సెవి దగ్గరెట్టుకో అక్కా! నా మాట నాకే తిరిగొస్తన్నాది!” అని అరుస్తూనే ఇంకో చేత్తో జాకెట్టుకి హుక్కులు చూసుకుంటున్నాను.

“సెవి దగ్గరెడితే ఏటీ ఇనపడదే,” అంది అక్క. నూతిలోంచి మాట్లాడినట్టుంది గొంతు. తూకం రాళ్ళ చప్పుడు, ఎవరో కందిపప్పు అడగడం, వాళ్ళ మావగారి దగ్గు, అన్నీ వినిపిస్తున్నాయి, అక్క మాట తప్ప.

అక్కని రాజాంలో కిరాణా కొట్టున్న ఇంటికి ఇచ్చాం. మేముండేది అరసవల్లి. అమ్మా నేనూ ముందుగదిలో మిషన్లు పెట్టుకుని జాకెట్లు కుడతాం. ఇంటర్ మధ్యలో ఆపేశాను గానీ, ఫోన్ల సంగతికి మాత్రం మా వీధిలో అందరూ నన్నే పిలుస్తారు. అందుకని అక్క ఫోను బాగుచేసే పని నేనే నెత్తిన వేసుకున్నాను. ఆపి మళ్ళీ ఆన్ చెయ్యమన్నాను. వెనక కవరు తీసేయమన్నాను. సిమ్ము తీసి తుడిచి పెట్టమన్నాను. తేడా నా ఫోన్లోనే ఉందేమోనని సెల్ షాపులో చూపించాను.

షాపాయన తన ఫోన్నుంచి నాకు చేసి చూసుకున్నాడు. “నీదాన్లో ఏటీ నేదమ్మా. అవతలోళ్ళు స్పీకర్లో ఎడితే నీ మాట నీకే తిరిగొస్తాది. ఆ ఫోన్లో సెవికాడుండే సిల్లు మూసుకుపోయుంటాది, సూడు.”

నాకు నవ్వొచ్చింది. కొట్లో గల్లాపెట్టె మీద పడుండే ఫోను. కారం, పసుపు, శనగపిండి. మూసుకుపోక ఏమవుతుంది?

“బ్రష్షెట్టి మెల్లగా తుడువు అక్కా,” అన్నాను.

“తుడిసినాను. అవ్వనేదు.”

“పిండంతా దాన్లోనే ఉన్నట్టున్నాది. దులిపి పకోడీలేసుకోండి.”

అంతకుముందైతే ఇలాంటి మాటకి అక్క పొట్ట పట్టుకుని నవ్వేది. ఈసారి నవ్వలేదు.

“పోనీ ఇయర్‌ఫోన్లెట్టుకో,” అంటే, దూరం నుంచి వాళ్ళత్త అందుకుంది. “సెవుల్లో అయ్యెట్టుకుంటే కొట్లోంచి పిలిస్తే ఇనపడతాదేటి?”

మెసేజీ పెట్టమందామంటే, వచ్చినవన్నీ బావే చూస్తాడు. అక్కకి అప్పుడు ఐదో నెల. ఎలా ఉన్నావంటే “బాగున్నాను” అనేది, తిన్నావా అంటే “తిన్నాను” అనేది. మాటలు తగ్గిపోతుంటే, అవి దారిలో తెగిపోతున్నాయనుకుని ఫోన్ని తిట్టుకున్నాను.

ఒక ముసురు రోజు అక్కే చేసింది. “అమ్మనోపాలి రమ్మనే. పిండొడియాలెట్టాల,” అని పెట్టేసింది. ముందూ వెనకా ఇంకేవో మాటలు ఫోను మింగేసి ఉంటుందని, అమ్మకి ఆ ముక్కే చెప్పాను.

అమ్మ మిషను తొక్కడం ఆపేసింది. “ముసురట్టుంటే ఒడియాలేటే?” అంది. కుట్టే గుడ్డ మడత పెట్టేసి, “నువ్వెల్లు. నేనెల్తే ఎందుకొచ్చినావంతారు. నువ్వైతే ఫోను బాగుసెయ్యడానికొచ్చినానని సెప్పు,” అంది.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను. కొట్టు మెట్టెక్కగానే వాళ్ళత్త నవ్వింది. “ఓలమ్మ, ఫోను డాక్టరొచ్చినాది! కూకో, టీ తెస్తాది మీ అక్క.”

అక్క లోపల్నుంచి గోడ పట్టుకుని వచ్చింది. మొహం సున్నం కొట్టినట్టుంది. చీర కుచ్చిళ్ళు బల్లపరుపుగా పడున్నాయి. పొట్ట లేదు. నేను నోరు తెరవబోతే, వద్దన్నట్టు తలూపింది. బావ తలెత్తకుండా ఎవరికో పంచదార తూస్తున్నాడు.

ఏం చెయ్యాలో తెలీక, చేస్తానన్న పనే చేశాను. బియ్యం బస్తా మీద కూర్చుని, సూది తీసి, ఫోను తెరకి పైనుండే సన్నటి చీలికలో గీకాను. పిండి రాలేదు. కారం రాలేదు. గాజులా గట్టిగా, మెరుస్తూ ఏదో ఉంది. సూది వంగిపోయింది. జిగురు. చెప్పులు తెగితే అతికిస్తారే, అది. ఒక్క చుక్క కూడా పక్కన పడకుండా ఆ చీలికలోనే నింపారు.

“దీన్లో ఎవలో జిగురోసినారత్తా,” అన్నాను.

“నేనే ఎట్టించినాను,” అంది ఆవిడ, ఊరగాయ జాడీకి గుడ్డ కట్టించానన్నట్టు. “దాపరికమేటి? మా ఇంట్లో ఏదైనా అందరం ఇంటాం. కోడలుపిల్ల మూలకెల్లి గుసగుసలాడితే ఇల్లు నిలుస్తాదేటి? మా అత్తైతే మా అమ్మ రాసిన ఉత్తరాలు నడివీధిలో సదివించీది. నేను సచ్చిపోనేదు గదా.”

ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. అందుకే నాకు భయమేసింది.

వెనక పంపు కింద గిన్నెలు తోముతూ, నీళ్ళ చప్పుడులో అక్క చెప్పింది. “రగతం కనబడతన్నాదే అని మావ ముందు, మీ బావ ముందు ఎలా సెప్పనే? అత్తకి సెప్తే, ఆమాత్రం అందరికీ అవుతాదంది. ఆసుపత్రికి తీసుకెల్లేతలికి అయిపోయినాది. మీ అమ్మకి తెలిస్తే తీసుకుపోతాది, కొట్లో పనెవలు సేస్తారు, ఇప్పుడప్పుడే సెప్పకంది.” చెయ్యి ముట్టుకుంటే కాలిపోతోంది. రక్తం ఇంకా ఆగలేదట. “నీకు సెప్దామంటే, నువ్వేమో బ్రష్షెట్టి తుడువంతావు.”

ఆమె చేతిలో గిన్నె తీసుకుని నేనే తోమాను.

ఆ చీకట్లో అడిగినా అక్కని పంపరని తెల్లారేదాకా ఆగాను. మర్నాడు పొద్దున్న కొట్టు తీశారు. నూనెకొచ్చినావిడా, బీడీలకొచ్చిన ముసలాయనా నిలబడున్నారు. నా ఫోన్లోంచి అమ్మకి చేసి, స్పీకర్లో పెట్టి, సౌండు పూర్తిగా పెంచి గల్లాపెట్టె మీద నిలబెట్టాను.

“అమ్మా, ఇనపడతన్నాదా?”

“శుబ్బరంగా ఇనపడతన్నాది. సెప్పు.”

“అక్కకి కడుపు పోయినాదమ్మా. మనకి సెప్పొద్దన్నారు. జ్వరమున్నాది, రగతం ఇంకా ఆగనేదు. ఫోను సెడిపోనేదు, దానికి జిగురోసినారు.”

నూనెకొచ్చినావిడ సీసా దించేసింది. బావ చేతిలో పప్పు డబ్బా అలాగే ఆగిపోయింది. “ఒసే, ఆపే అది!” అని వాళ్ళత్త లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది. అప్పటికే అమ్మ గొంతు కొట్టంతా నిండింది. “ముందు ఆసుపత్రికి తీసుకెల్లు. ఆనక ఇంటికి తెచ్చీ. ఎవలి మాటా ఇనకు.”

నేను ఫోను కట్ చెయ్యలేదు. అలాగే చేత్తో పట్టుకుని, అక్క సంచీ భుజానికి తగిలించుకుని, అక్కని పొదివి పట్టుకుని కొట్టు మెట్లు దింపాను.