మూతలక్క

మా వదినది చూడ్డానికి చిన్న ఉద్యోగమే, దాని కష్టం చేసేవాళ్లకే తెలుస్తుంది. ల్యాబ్‌లో గాజుసీసాల్లో పెంచిన అరటి మొక్కల్ని బయటి గాలికి అలవాటు చేయడం ఆమె పని. అదే షెడ్డులో నేను ట్రేలకు మట్టి నింపుతాను. సీసాలోంచి తీసిన మొక్కను ట్రేలో నాటి, పైన ప్లాస్టిక్ మూత పెట్టి, రోజుకు కాస్త కాస్తగా ఆ మూత ఎత్తాలి. మా వదిన ఎత్తినట్టే ఎత్తి మళ్లీ మూసేది. అందుకే షెడ్డులో ఆమెకు మూతలక్క అని పేరు. వెనకాల అనడం నాకు చేతకాదు, నేను మొహం మీదే అనేదాన్ని.

ఇంట్లోనూ అదే వరస. మా అన్న పోయాక కూతురే ఆమెకు లోకం. పిల్లకు చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. అది తగ్గి ఏళ్లయినా, చినుకు పడితే చాలు వదిన కిటికీలు మూసేసేది. ఆ పిల్లకు దూరపు ఊళ్లో నర్సు చదువుకు సీటొచ్చింది. సోమవారం చేరాలి. వదిన ససేమిరా అంది. పిల్ల అన్నం మానేసింది. పక్కింట్లో ఉన్న పాపానికి నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

ఆ వారమే ఒక విడత మొక్కలన్నీ మూతల కింద బూజు పట్టి కుళ్లిపోయాయి. ల్యాబ్ మేడమ్ తిట్టలేదు. ట్రే పక్కన కూర్చుని కోట్ల ఏళ్ల కిందటి సంగతి ఎత్తుకుంది. అప్పట్లో నేల మీద మొక్కన్నదే లేదట. నీళ్లలోని పచ్చటి పాచి ఒడ్డుకు చేరి ఎండకు మాడిపోయేదట. పోయినవి పోగా, ఒంటికి కాస్త మైనం పూత ఉన్నవి మిగిలాయట. తరాలు గడిచేకొద్దీ వాటి సంతతిలో తెరుచుకుని మూసుకునే సన్నని రంధ్రాలు, నీళ్లను పైకి లాగే గొట్టాలు ఏర్పడ్డాయట. సరైన వేళ్లు లేని ఆ రోజుల్లో మట్టిలోని ఒక రకం బూజే సాయపడిందట. పొద్దుటి నుంచి బూజును తిట్టిపోస్తున్న నాకు ఆ ముక్క రుచించలేదు.

"ఈ సీసా మొక్కకి ఆ శక్తంతా లోపలే ఉంది. మెల్లగా పొడిగాలి తగిలితేగానీ బయటికి రాదు," అంది మేడమ్.

"తగిలితే చచ్చిపోయేవీ ఉంటాయి కదా?" అంది వదిన.

"ఉంటాయి."

సాయంత్రం వదిన ఇంటికెళ్లి అటక మీది పెట్టె దింపింది.

సోమవారం ముగ్గురం బస్టాండుకు వెళ్లాం. వెళ్తానని వారం రోజులు ఇల్లు పీకి పందిరేసిన పిల్ల, బస్సును చూడగానే నీరుగారిపోయింది. తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, భయమేస్తోంది. ఇంటికెళ్లిపోదాం."

మా వదిన ఎదురుచూసిందే ఆ మాట కోసం. ఇంకేముంది, పెట్టెతో సహా వెనక్కే అనుకున్నాను. వదిన కళ్లు నిండాయి. పిల్ల వేళ్లను ఒక్కొక్కటే విడదీసింది.

"నాకూ భయంగానే ఉందే. ఎక్కు."

బస్సు కదిలాక ఏడుస్తుందేమోనని భుజం పట్టుకున్నాను. ఏడవలేదు. ఈ రాత్రి తనొక్కతే పడుకోవాలి కదా అంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఒంటరిగా పడుకున్న రాత్రే లేదట.

తోడు నేనొచ్చి పడుకోనా అన్నాను. బస్సు వెళ్లిన రోడ్డుకేసి చూసి, వద్దంది.