తగాదాలో లేనివాళ్ళు

2022 సెప్టెంబరు రెండో వారం, మార్కాపురంలో ఒక కాలేజీ ఆవరణ. కళాశాల క్యాడెట్ల వార్షిక శిక్షణ శిబిరం, పది రోజులు. హాజరైనవారు: క్యాడెట్లు నాలుగు వందల పన్నెండు మంది, అందులో అమ్మాయిలు నూట అరవై ఒక్కరు, అధ్యాపకుల్లోంచి ఎంపికై యూనిఫాం వేసుకునే అసోసియేట్ ఆఫీసర్లు ఆరుగురు, సుబేదార్ ఒకరు, నాతో కలిపి ఇన్‌స్ట్రక్టర్లు పదకొండు మంది, అందరి పైన క్యాంపు కమాండెంటు, కల్నల్ హోదా. సామగ్రి: పాయింట్ ట్వంటీటూ రైఫిళ్ళు ఇరవై, గుడారాలు, వంట గిన్నెలు, ఒక మైకు. తరగతి గదులకు పరీక్షల తాళాలు పడ్డాయి కాబట్టి నల్లబల్ల లేదు. క్వారీ రోడ్డు పక్కన పారేసిన పలక ముక్కలు ఏరుకొచ్చి, వాటి మీద బలపంతో పాఠాలు చెప్పాం.

నేను అప్పటికి హవల్దార్‌ని. మాది గిద్దలూరు పక్కన పల్లె. ఐ.టి.ఐ. చదివి, పద్దెనిమిదేళ్ళకు సైన్యంలో ఇంజనీర్ల దళంలో చేరాను. అణు, రసాయన దాడుల నుంచి రక్షణ అనే కోర్సు చేసి, నాలుగేళ్ళు అదే పాఠం జవాన్లకు చెప్పాను. రేడియేషన్ మీటరు చదవడం, మోతాదు లెక్కకట్టడం, ఎంతసేపట్లో ఎంత దూరం జరగాలో చెప్పడం నా పని. హిరోషిమా, నాగసాకి నాకు అంతవరకు పట్టికలుగానే తెలుసు. ఒక నిలువు వరుసలో పేలుడు నుంచి దూరం, ఇంకో వరుసలో గోడ మందం. తర్వాత క్యాడెట్లకు శిక్షణ ఇచ్చే పోస్టింగు వచ్చింది. సైన్యంలో ఇన్‌స్ట్రక్టర్‌ని ఉస్తాద్ అని పిలుస్తారు. క్యాడెట్లూ అట్లాగే పిలిచేవారు.

ఆ శిబిరానికి మామూలు కంటే ఎక్కువ బరువు ఉంది. ఢిల్లీలో జరిగే గణతంత్ర దిన శిబిరానికి మా బెటాలియన్ తరఫున పన్నెండు మందిని పైమెట్టుకు పంపాలి. ఎంపికకు మొత్తం నాలుగు వందల మార్కులు: డ్రిల్లు వంద, ఫైరింగు వంద, రాతపరీక్ష వంద, ఇంటర్వ్యూ యాభై, వాదన పోటీ యాభై. ఢిల్లీ దాకా వెళ్ళొచ్చిన క్యాడెట్‌కు పోలీసు, సైన్యం ఎంపికల్లో అది బాగా పనికొస్తుంది.

నా బ్యాచ్‌లో ఈశ్వరి అనే క్యాడెట్ ఉండేది. రాచర్ల మండలం, గొర్రెలు కాసే కుటుంబం, డిగ్రీ మూడో ఏడు. ముందటేడు ఫైరింగులో తప్పింది. ఇదే ఆఖరి అవకాశం. యూనిఫాం ఉద్యోగం తప్ప ఆమె ఇంకేదీ కోరుకోలేదు. ఆ సంగతి బ్యాచ్ అంతటికీ తెలుసు.

వాదన పోటీకి కల్నల్ గారు ఇచ్చిన విషయం: యుద్ధాన్ని ముగించడానికి అణుబాంబు వాడటం సమర్థనీయమే. ఎవరు ఏ వైపో చీటీలు తీశారు. ఈశ్వరికి సమర్థించే వైపు వచ్చింది. ఎదుటి వైపు గిద్దలూరు క్యాడెట్ ఖాదర్ బాషా. నియమాలు ఐదు. నాలుగోది: వక్త ముగింపు చీటీలో వచ్చిన వైపే ఉండాలి, తప్పితే పది మార్కులు కోత.

ఆమెను తయారు చేసే పని నాది. నేను సైన్యం పద్ధతిలోనే చేయించాను. ఏ చర్యకైనా ముందు కమాండరు అప్రిసియేషన్ అనే కాగితం రాస్తాడు. మొదట లక్ష్యం. తర్వాత ఏడు శీర్షికల కింద పరిశీలన: నేల, వాతావరణం, శత్రు బలం, మన బలం, కాలమూ దూరమూ, సరఫరా, గోప్యత. ఆ తర్వాత మన ముందున్న మార్గాలు, ఒక్కోదాని లాభనష్టాలు, చివర నిర్ణయం. ఉద్రేకంతో నిర్ణయం తీసుకోకుండా ఈ కాగితం ఆపుతుంది. దాని మీద నాకు గట్టి నమ్మకం.

ఇద్దరం పలక ముక్కలు వరసగా పేర్చి నింపాం. లక్ష్యం: యుద్ధం త్వరగా ముగియాలి. మార్గాలు నాలుగు: నవంబరులో జపాను తీరాన సైన్యం దిగడం; సముద్రం దిగ్బంధించి వేచి ఉండటం; మనుషులు లేనిచోట బాంబు వేసి చూపించడం; నగరం మీద వేయడం. ఏడు శీర్షికల ప్రకారం లెక్కవేస్తే నాలుగోది నెగ్గింది, ముఖ్యంగా కాలం దగ్గర. మొదటి బాంబు ఆగస్టు ఆరున, రెండోది తొమ్మిదిన, లొంగుబాటు ప్రకటన పదిహేనున.

దానికి నా సొంత ఆధారం కూడా జతచేశాను. మా తాత బర్మా యుద్ధంలో సిపాయి. ఆ ఆగస్టులో ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. యుద్ధం ఆగిపోబట్టి ఇంటికొచ్చాడు. మా నాయన పుట్టింది ఆ తర్వాతే.

ఈశ్వరి బలపం పక్కన పెట్టి, “అయితే ఉస్తాద్, మీరు పుట్టింది బాంబు పుణ్యానే అని చెప్పొచ్చా?” అని అడిగింది.

చెప్పొచ్చు అన్నాను. పక్కనున్న పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు. నేల అని రాసిన పలకనే చూస్తూ ఉంది. అందులో ఐదు ఉపశీర్షికలు: తీరం, కొండలు, నదులు, దారులు, జనావాసాలు.

“మా ఊరు ఈ కాగితంలో యాడ పడుతుంది ఉస్తాద్?”

“నేల కింద. జనావాసాలు.”

“అంటే కొండ, వాగు, మేము ఒకటే వరసా?”

ఫార్మాట్ అంతే అన్నాను. జనావాసాలు రాసేది సైన్యం కదలికకు అడ్డమా, దాక్కోవడానికి పనికొస్తాయా అని చూడటానికి. శత్రు సైనికులు శత్రు బలం కింద వస్తారు, మన సైనికులు మన బలం కింద. “రెండింట్లో లేనోళ్ళు?” అంది. నేల కిందే అని మళ్ళీ చెప్పాను. ఇంకో శీర్షిక చేర్చొచ్చా అని అడిగింది. ప్రెసీలో, అంటే మాకు అచ్చువేసి ఇచ్చే పాఠ్యపత్రంలో, లేనిది చేర్చకూడదు అన్నాను. ఆమె సావధాన్‌లో నిలబడి “సరే ఉస్తాద్” అంది. ఆ సరేలో ఒప్పుకోలు లేదని నాకు తెలిసింది.

ఆదివారం సాయంత్రం మూడు నుంచి ఐదు వరకు తల్లిదండ్రులను లోపలికి రానిస్తాం. ఈశ్వరి నాయన వచ్చాడు. జీవాలను తమ్ముడికి అప్పజెప్పి, రాచర్ల నుంచి గిద్దలూరికి ఆటోలో, అక్కడి నుంచి బస్సులో వచ్చాడు. కూతురికి వేయించిన శనక్కాయలు, నాకొక గుప్పెడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఏం తమ్ముడూ, మా పాప ఏందో బాంబు ఏసింది కరెక్టే అని మాట్లాడాలంట గదా?”

“అది పోటీ అన్నా. చీటీలో ఏ వైపు వస్తే ఆ వైపు మాట్లాడాలి.”

“చీటీలో వస్తే మాట్లాడతారా. బాగుంది మీ ఉద్యోగం.” శనక్కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాడు. “ఆ బాంబుతో తగాదా తీరిందా?”

తీరింది అన్నాను, తేదీలతో సహా.

“మాదీ ఒక తూరి అట్లనే తీరింది. మా ఊర్లో ఒక రైతు. నా జీవాలు రెండు మూడు తూర్లు ఆయన కంది చేన్లో పడినాయి. తప్పు నాదే, కాదన్ను. ఆయన చెప్పి చెప్పి ఇసిగిపోయినాడు. ఒకనాడు చేని పక్క నీళ్ళ గుంటలో గుళికలు కలిపినాడు, పురుగుమందు గుళికలు. ముప్పైరెండు జీవాలు పడిపోయినాయి. మళ్ళ నేను ఆ పక్కకు పోలేదు. పంచాయితీలో పెద్దమనుషులు గూడా అదే అనిరి. తగాదా తీరిపాయె గదా, ఇంక ఇడిచిపెట్టు అని.”

“నువ్వేమన్నావు అన్నా?”

“ఏమంటా? తగాదా నాకూ ఆయనకూ. నన్ను నాలుగు తన్నింటే అయిపోయేది. అయ్యి ఎవురి పక్షమని వాటికి మందు పెట్టినాడు?”

ఈశ్వరి పక్కనే ఉంది.  నాయన ఇంకొక మాట అన్నాడు: “తీరిందనే అంటారు తమ్ముడూ. తీర్చినోడు మాత్రం నేను ఎదురైతే ఇప్పటికీ తల తిప్పుకొని పోతాడు.”

గొర్రెలతో మనుషుల పోలిక పూర్తిగా సరిపోదని నాకు తెలుసు. ఆ నగరాల్లో సైనిక కేంద్రాలు ఉన్నాయి, ఆయుధాల కర్మాగారాలు ఉన్నాయి. అవి శత్రు బలం కింద వస్తాయి, రావాలి కూడా. కానీ వాటిని తీసేశాక మిగిలినవాళ్ళు నా ఏడు శీర్షికల్లో ఎక్కడా మనుషులుగా లేరు. నేను నాలుగేళ్ళు చెప్పిన పట్టికల్లో కూడా లేరు. అక్కడ గోడ మందం ఉంది, గోడ వెనక ఎవరున్నారో లేదు. పరికరంలో లోపం కనబడితే రాతపూర్వకంగా తెలియజేయాలని నాకు నేర్పారు. ఇది కాగితంలో లోపం. అంతే తేడా.

ఐదు గంటలకు నాయనను గేటు దాకా సాగనంపి వచ్చిన ఈశ్వరిని పిలిచి, ఎనిమిదో శీర్షిక చేర్చుకో అన్నాను. నియమం నాలుగు గుర్తుచేశాను. ముగింపు వైపు మారితే పది మార్కులు పోతాయి, ఎంపికకు పది చాలా ఎక్కువ, బాగా ఆలోచించుకో అని చెప్పాను.

“ఆలోచించినా ఉస్తాద్” అంది.

పోటీ సోమవారం ఉదయం, కాలేజీ రేకుల షెడ్డులో. న్యాయనిర్ణేతలు ముగ్గురు: కల్నల్ గారు, వృక్షశాస్త్రం చెప్పే లెఫ్టినెంట్ మేడం, సుబేదార్ గారు. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. ఈశ్వరి మొదటి మూడు నిమిషాలు చీటీ ప్రకారమే మాట్లాడింది. తీరం మీద దిగి ఉంటే రెండు వైపులా ఎంత మంది పోయేవారో, దిగ్బంధంలో ఆకలికి ఎవరు ముందు పోతారో, బర్మాలో మా తాత లాంటి వాళ్ళు ఎందరు ఎదురుచూస్తున్నారో వరసగా చెప్పింది. “మా ఉస్తాద్ ఇప్పుడు ఇక్కడ నిలబడి ఉండటానికి కూడా ఆ ఆగస్టే కారణం” అన్నప్పుడు షెడ్డంతా నా వైపు తిరిగింది. నేను మీసం సర్దుకున్నాను.

ఖాదర్ బాషా ఎదురు ప్రశ్న వేశాడు. “ఒకటి ఏసినాక మూడు రోజులకే ఇంకొకటి ఎందుకు అక్కా? మొదటిదాన్ని చూసి తేరుకునే టైమన్నా ఇయ్యాల గదా?”

ఈశ్వరి “మొదటిదానికి కారణం చెప్పగలను. రెండోదానికి నా పలకల్లో జవాబు లేదు” అంది. తర్వాత ఎనిమిదో పలక పైకెత్తింది. దాని మీద రాసింది రెండే మాటలు: తగాదాలో లేనివాళ్ళు. కింద ఖాళీ.

“ఏడు శీర్షికల వరకు లెక్క సరిపోయింది. ఎనిమిదోది నేను నింపలేకపోయినా. ఇది నింపకుండా సమర్థనీయం అని చెప్పేది లేదు.”

కల్నల్ గారు ఈ శీర్షిక ప్రెసీలో ఎక్కడుంది అని అడిగారు.

“ప్రెసీలో లేదు సార్. రాచర్లలో ఉంది.”

షెడ్డు నవ్వింది. సుబేదార్ గారు నవ్వాపుకోలేక టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నారు. కల్నల్ గారు నవ్వలేదు. ఎవరి అనుమతితో చేర్చావు అని అడిగారు. ఆమె నోరు తెరిచేలోపే నేను లేచి సావధాన్‌లో నిలబడి, నా అనుమతితో సర్ అన్నాను. సర్వీసు పదిహేడో ఏట, ఒక కల్నల్ ముందు, అచ్చులో లేని దానికి బాధ్యత నాదని చెప్పింది అదే మొదటిసారి, అదే ఆఖరిసారి. నా సర్వీసు పుస్తకంలో అది ఎక్కదు. నేను మాత్రం లెక్కలో వేసుకుంటాను.

కల్నల్ గారు నియమం నాలుగు చదివి వినిపించి, కోత ప్రకటించారు. తర్వాత విడిగా నన్ను పిలిచి, క్యాడెట్ చెప్పినదాంట్లో తప్పులేదని, అయినా నియమాన్ని ఒకరి కోసం సడలిస్తే మిగిలిన క్యాడెట్లకు అన్యాయమని చెప్పారు. సరైన మాట. నేను ఒప్పుకున్నాను.

శిబిరం చివరి రోజు జాబితా అంటించారు. ఆమె పేరు అందులో లేదు. మార్కులు నేనే వెళ్ళి చెప్పాను, దాచకుండా. నేను అనుమతి ఇవ్వకుండా ఉంటే నీ పేరు ఉండేది అన్నాను.

“మీరు ఇయ్యకపోయినా చెప్పేదాన్నే ఉస్తాద్. అప్పుడు మార్కులతో పాటు మీ మాట గూడా పోయేది. ఇప్పుడు నా మార్కులే పోయినాయి. రెంట్లో ఒకటన్నా మిగిలింది గదా” అంది. ముఖం ఎర్రబడింది, గొంతు మాత్రం మారలేదు. బూట్లు నేలకేసి కొట్టి, సెల్యూట్ చేసి, గుడారం పీకే పనికి వెళ్ళింది. నా బ్యాచ్‌ల్లో ఇంతకంటే మంచి సెల్యూట్ నేను అందుకోలేదు.

2024లో, పద్దెనిమిదేళ్ళ సర్వీసు తర్వాత, ముప్పైఆరేళ్ళ వయసులో పెన్షన్ తీసుకున్నాను. ఇప్పుడు నన్ను ఆ బాంబు సమర్థనీయమా అని అడిగితే, కాదు అంటాను. మా తాత తిరిగొచ్చాడన్నది నిజమే. దాని ధర ఆ తగాదాలో లేనివాళ్ళు కట్టారన్నదీ నిజమే. మొదటిది చెప్పి రెండోది మానేస్తే లెక్క పూర్తికాదు. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళు క్రూరులని నేను అనను. వాళ్ళ ముందు ఉన్న కాగితం కూడా నా కాగితం లాంటిదే అయి ఉంటుంది. శీర్షిక లేని దానికి బరువు ఉండదు, బరువు లేనిది నిర్ణయంలోకి రాదు. కాబట్టి కాగితం నింపేముందు, అందులో ఏ గడి లేదో చూడాలి. ఆ ఉదంతం నాకు నేర్పింది అంతే. ఆ శిబిరం తర్వాత పెన్షన్ తీసుకునే వరకు ప్రతి తరగతిలో ఎనిమిది శీర్షికలే చెప్పాను. ఎవరూ అభ్యంతరం పెట్టలేదు.

వాదన పోటీలో కోత పది మార్కులు. ఎంపికకు ఆమెకు తక్కువైనవి నాలుగు.