మాఫీ వద్దన్న మనిషి

అక్క పోయిందని ఆమె తమ్ముడు మదనపల్లె నుంచి ఫోన్ చేసి చెప్పాడు. ఈ అరబ్బు దేశంలో, మెసైమీర్‌లో మేం అద్దెకుంటున్న విల్లాలో, అన్ని గదులవాళ్ళకీ కలిపి ఉన్న ఒకే ఒక్క వంటగదిలో, అప్పుడు నేను పప్పుకు తాలింపు పెడుతున్నాను. "మద్యానం అన్నం తిని పండుకుండాది. మళ్ళ లేయలేదు" అన్నాడు. పొయ్యి కట్టేసి చుట్టూ చూశాను. పక్కన కేరళ అమ్మాయి చేపలు కడుగుతోంది. నేపాలీ కుర్రాడు బాటిల్‌లో నీళ్ళు పట్టుకుంటున్నాడు. అక్కను ఎరిగినవాళ్ళు ఈ విల్లాలో ఇప్పుడు ఒక్కరూ లేరు. చెప్పుకోవడానికి మనిషి లేక మీతో చెప్పుకుంటున్నాను.

తోడబుట్టిన అక్క కాదు, పక్కగది మనిషి. మాది కాకినాడ వైపు. మా ఆయన కంపెనీ బస్సు నడుపుతాడు. పొద్దున డ్యూటీకి వెళ్తే చీకటి పడ్డాకే రాక. పగలంతా నేనూ నా కుట్టుమిషనూ. మా గదికీ అక్క గదికీ మధ్య ఉన్నది చెక్కగోడ. రోజూ ఆమె క్యాలిపర్ తొడుక్కునే చప్పుడుతోనే నాకు తెల్లవారేది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమకాలు సన్నగా, చచ్చుబడినట్టు ఉండిపోయింది. తొడ నుంచి పాదం దాకా ఇనప కమ్మీలు, తోలు పట్టీలు. ఒక్కో పట్టీ బిగిస్తూ చిన్నగా దగ్గేది. పైన చుడీదారు వేసుకున్నాక చూసేవాళ్ళకు ఏమీ తెలిసేది కాదు. కాస్త ఒరిగి నడుస్తుందని మాత్రమే అనుకునేవారు. ఎవరైనా జాలిపడితే ఆమెకు గిట్టేది కాదు. "నిలబడేదానికి ఒక కాలు చాలు మే. నడిచేదానికే రెండోది కావాల. దానికి కారు కొనుక్కున్యా కదా" అనేది నవ్వుతూ.

అల్ ముంతజాలో ఒక పళ్ళ ఆసుపత్రిలో ఆమె రిసెప్షన్ ఉద్యోగి. నొప్పితో బుగ్గ పట్టుకుని వచ్చినవాళ్ళకు ముందు ఒక గ్లాసు మంచినీళ్ళు ఇచ్చి, ఆ తర్వాతే పేరు అడిగేదట. ఆమె కారు పాత తెల్లకారు. ఎక్కేటప్పుడు ముందు తను కూర్చుని, తర్వాత రెండు చేతులతో ఎడమకాలిని మోకాలి కింద పట్టుకుని, నిద్రపోతున్న బిడ్డను ఎత్తినట్టు ఎత్తి లోపల పెట్టుకునేది. బ్రేకు, యాక్సిలరేటరు రెండూ కుడికాలితోనే. ఆ కారులో కూర్చున్నంతసేపు ఆమె ఎవరికీ తీసిపోదు.

ప్రపంచ కప్పు వస్తోందని ఊరంతా తవ్వి పోసిన రోజులవి. ఇవాళ ఉన్న దారి రేపు ఉండేది కాదు. ఎక్కడ చూసినా కంచెలు, బాణం గుర్తులు. కారు ఆపుకోవడానికి జానెడు జాగా దొరకడమే గగనం. ఆసుపత్రి ఉన్న భవనం పక్కన ఖాళీస్థలాన్ని అప్పుడే ఒక ప్రైవేటు పార్కింగ్ కంపెనీ తీసుకుంది. గేటు పెట్టారు, కెమెరాలు బిగించారు. వికలాంగులకని ముందువరసలో నీలిరంగు గుర్తు వేసిన గళ్ళు రెండు ఉండేవి. అక్క దగ్గర వికలాంగులకిచ్చే కార్డు ఉంది. అద్దం మీద కనబడేలా పెట్టి రోజూ అక్కడే ఆపుకునేది.

ఒక సాయంత్రం నాకు ఫోన్ చేసింది. "ఏమే, ఒకసారి రాగలవా" అంది. ఆమె గొంతు అలా నేనెప్పుడూ వినలేదు. టాక్సీ పట్టుకుని వెళ్ళాను. ముందుచక్రానికి ఇనప లాక్ వేసి ఉంది. అద్దానికి ఛార్జీ చీటీ అంటించారు. వికలాంగుల గడిని దుర్వినియోగం చేశారని దాని సారాంశం. గేటు దగ్గరి గార్డు జగిత్యాల వైపు మనిషి. బిర్కత్ అల్ అవామిర్‌లోని కూలీల క్యాంపు నుంచి వచ్చి డ్యూటీ చేసేవాడు. తలెత్తి మా వైపు చూడలేకపోయాడు.

"నేనేం జేయాలె అక్కా. పైకెల్లి ఫోనొచ్చింది. మీరు నడుసుడు కెమెరాల చూసిండ్రట."

"నడిస్తే?"

"నడిచేటోళ్ళకు గీ జాగా కాదంటున్నరు."

మర్నాడు ఇద్దరం కంపెనీ ఆఫీసుకు వెళ్ళాం. మేనేజరు హిందీలో మాట్లాడాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఆ గళ్ళు చక్రాల కుర్చీవాళ్ళకని, ఆమె లక్షణంగా నడుస్తోందని, ఛార్జీ కడితే లాక్ తీస్తామని చెప్పాడు. అక్క కార్డు చూపించింది. "కార్డు ఎవరిదైనా తేవచ్చు మేడమ్. కాలు చూపిస్తారా?" అన్నాడు. గదిలో మరో నలుగురు మగవాళ్ళున్నారు. అక్క కార్డు తీసుకుని లేచి వచ్చేసింది. బయట కౌంటరు దగ్గర, దీని మీద పైన ఎవరికి చెప్పుకోవాలని అడిగితే అక్కడున్నతను చేయి ఊపి "మాఫీ" అన్నాడు. ఎవరూ లేరని.

ఆ సాయంత్రం వంటగదిలో స్టీలు గ్లాసులో కాఫీ చల్లారిపోతున్నా అక్క తాగలేదు. "ఈడ మాఫీ అంటే లేదు అని. మన పక్క మాఫీ అంటే ఇడిసిపెట్నాము అని. నాకు రెండు మాఫీలూ వద్దు మే. తప్పు చేసినోళ్ళకు గదా మాఫీ. నేనేం తప్పు చేసినా?"

"కట్టేద్దాం అక్కా. మా ఆయనకి చెప్పి నేను సర్దుతాను. ఇంకెన్నాళ్ళు తిరుగుతావు?" అన్నాను.

"కడితే దొంగనని నా నోటితో నేనే ఒప్పుకున్నట్ల."

లాక్ అలాగే ఉంది. ఛార్జీ రోజురోజుకీ పెరుగుతోంది. ఆమె టాక్సీలో ఉద్యోగానికి వెళ్ళడం మొదలుపెట్టింది. తవ్వకాల వల్ల టాక్సీ భవనం దాకా పోదు. పెద్దరోడ్డు మీద దిగి, కంచెల పక్కన, ఇసుకలో, ఆ ఎండలో నడవాలి. క్యాలిపర్ పట్టీల కింద చర్మం ఒరిసి పుండైంది. ఆలస్యమవుతోందని ఆసుపత్రిలో మొదట నవ్వుతూ అన్నారు, తర్వాత నవ్వకుండా అన్నారు. ఆ ఉద్యోగం పోతే వీసా పోతుంది. ఊళ్ళో తమ్ముడి సంసారం కూడా ఆమె మీదే. ఒక శుక్రవారం నేను వంటగదిలోకి వెళ్ళేసరికి నేలమీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. లేవడానికి చేయి అడగలేదు. "నేను నడుస్తానని మా అమ్మ ఎన్ని మొక్కులు మొక్కిందో తెలుసా మే" అంది. "తిరిగిన ఆస్పత్రుల్లేవు, ఎక్కిన కొండల్లేవు. ఇప్పుడు నడుస్తాండావు కాబట్టి దొంగవి అంటాండారు." నేనూ ఆమె పక్కన నేలమీదే కూర్చున్నాను. ఏం చెయ్యాలో నాకు పాలుపోలేదు. ఆమెకూ పాలుపోలేదని ఆ రోజే మొదటిసారి తెలిసింది.

తర్వాత కొద్దిరోజులకే పడింది. తవ్విన కాలువ మీద పరిచిన ఇనప రేకు కాలికింద జారడంతో, కుడిమోకాలు నేలకు కొట్టుకునేలా పడింది. మంచికాలు అదే. గార్డు గేటు దగ్గర నుంచి చూసి పరుగెత్తుకొచ్చి, ఎత్తి, తన కుర్చీలో కూర్చోబెట్టి నాకు ఫోన్ చేశాడు. నేను వెళ్ళేసరికి మోకాలు బూరెలా పొంగి ఉంది. ఆసుపత్రికి వెళ్దామంటే వినలేదు.

"ముందు ఆ ఆఫీసుకు పదండి" అంది. గార్డు, నేను చెరో పక్కా పట్టుకుని తీసుకెళ్ళాం.

మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చుని, చుడీదారు మీద నుంచే తడుముతూ పట్టీలు విప్పింది. క్యాలిపర్‌ను కిందికి లాగి, చెప్పుతో సహా అతని బల్లమీద పెట్టింది. బరువైన వస్తువు. బల్ల అదిరింది.

"ఇప్పుడు నన్ను కారు దాకా నడవమనండి" అంది.

అతను దానివైపు చూశాడు, పక్కకు తిరిగాడు. అప్పుడు గార్డు ముందుకొచ్చాడు. "సార్, నేను దినాం చూస్తుంటి. ఆమె బండి దిగేటప్పుడు కాలు చేతుల్తోని ఎత్తి బయట పెడ్తది. లాక్ ఎయ్యమన్ననాడే చెప్దామనుకున్న. గిప్పుడు చెప్తున్న" అని, అదే మాట వచ్చీరాని హిందీలో మళ్ళీ చెప్పాడు.

మేనేజరు క్యాలిపర్‌ను ఆమె వైపు జరిపాడు. "సరే మేడమ్, ఈసారికి మాఫ్ చేస్తాను" అన్నాడు.

"మాఫీ వద్దు. మీది తప్పు అని రాయండి."

"అలా రాయడానికి వీల్లేదు. లాక్ తీయిస్తాను. ఛార్జీ రద్దు. ఇంతకంటే ఏం కావాలి మీకు?"

చాలాసేపు అలాగే కూర్చుంది. ఆఫీసు మూసే వేళయింది. అతను రాయలేదు. లేద్దామని చూస్తే కుడికాలు నిలవలేదు. చివరికి చక్రాలున్న ఆఫీసు కుర్చీలోనే ఆమెను కూర్చోబెట్టి గార్డు వెనక నుంచి తోశాడు. క్యాలిపర్ ఒడిలో పెట్టుకుంది. తలుపు పట్టుకుని నిలబడిన మేనేజరు అన్నాడు: "ఇక మీకు ఆ గడిలో ఏ ఇబ్బందీ ఉండదు మేడమ్." అతను ఎగతాళికి అనలేదు. అందుకే ఆ మాట ఇప్పటికీ నాలో సలుపుతూనే ఉంది. అక్క మాత్రం తలవంచుకుని, కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. ఆమె కంట నీళ్ళు చూసింది ఆ ఒక్కసారే.

కారు వచ్చింది, కాలు రాలేదు. మోకాలి లోపల నరం తెగిందన్నారు. ఆపరేషన్ చేసినా పాత బలం రాదన్నారు. బ్రేకు తొక్కలేని మనిషి కారేం నడుపుతుంది? గార్డును వేరే చోటికి మార్చారు. మళ్ళీ కనబడలేదు. లైసెన్సు ఉండి కూడా భయంతో స్టీరింగు ముట్టని నన్ను కూర్చోబెట్టి, పక్కసీట్లోంచి అక్కే నడిపించింది. "భయం ఉంటే ఉండనీ మే, దాన్ని వెనకసీట్లో కూర్చోబెట్టు" అనేది. ఈ ఊళ్ళో నేనివాళ ఒంటరిగా ఎక్కడికైనా వెళ్ళి రాగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష. పళ్ళ ఆసుపత్రివాళ్ళు ఉద్యోగం గడువు పూర్తయిందని కాగితాలిచ్చారు. ప్రపంచ కప్పుకని ఊరంతా జెండాలు కడుతున్న రోజుల్లో ఆమె సామాను సర్దుకుంది.

కారును కొన్నవాళ్ళకు అప్పగించాల్సిన ముందురోజు, "సముద్రం కాడికి పోదాం రా" అంది. ఇన్నేళ్ళూ దూరం నుంచి చూడటమే. ఇసుకలో క్యాలిపర్ దిగబడుతుందని ఎప్పుడూ ఒడ్డు దాకా పోలేదట. అల్ వక్రాలో పడవల్ని నీళ్ళలోకి దించే సిమెంటు వాలు ఒకటి ఉంది. ఎవరూ లేరు. మెల్లగా దించమంది. దించాను. "ఇంకొంచెం పోనీ" అంది. ముందుచక్రాలకు నీళ్ళు తగిలాయి. బ్రేకు గట్టిగా తొక్కిపట్టాను. ఆమె క్యాలిపర్ విప్పి వెనకసీట్లో పెట్టింది. తలుపు తెరిచి పక్కకు తిరిగి కూర్చుంది. రెండు చేతులతో ఎడమకాలిని ఎత్తి బయటికి వదిలింది. తర్వాత కుడికాలు. ఒక అల వచ్చి పాదాల మీదుగా కారు కిందికి పోయింది. అక్క దుపట్టా తడవకుండా పైకి పట్టుకుని, వంగి, ఇంకో అల ఎప్పుడొస్తుందా అని నీళ్ళవైపే చూస్తూ కూర్చుంది.